పళ్ల మీది స్టిక్కర్ల విషయంలో ఈ వారం నుంచి మా కొట్టులో మార్పు

అందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీలో మా పళ్ల కొట్టుకి వచ్చేవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్న మాట, "ఆ స్టిక్కర్లేవో మీరే తీసేసి ఇవ్వొచ్చు కదా బాబూ?" అని. ఇంటికెళ్లి ఒక్కోటీ గోటితో గీకుతున్నామని, తీసినా జిగురు మిగిలిపోతోందని, పిల్లలు చూసుకోకుండా స్టిక్కర్‌తో సహా కొరికేస్తున్నారని చెబుతున్నారు. న్యాయమైన మాటే. ఇక నుంచి బిల్లు దగ్గర మేమే తీసి ఇస్తాం.

బిల్లు దగ్గరే ఎందుకు, పెట్టె విప్పగానే తీసేస్తే పోదా అంటారేమో. తీయగానే ఒక్కోసారి తొక్క పైపొర కూడా స్టిక్కర్‌తోపాటే లేచి వచ్చేస్తుంది. మగ్గిన పియర్, ప్లమ్, టమాటాలకైతే మరీను. చిరిగిన చోట తడి ఊరుతుంది, మన విశాఖ ఉక్కపోతకి కుళ్లు అక్కడే మొదలవుతుంది. పొద్దున్నే అన్నీ పీకి పెడితే సాయంత్రానికి సగం సరుకు మీకు ఇవ్వడానికి పనికిరాదు. అందుకని మీరు ఏరుకున్నవాటికే, మీ ఎదుటే తీస్తాం. సాయంత్రం రద్దీలో బిల్లుకి కాస్త ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి.

మెత్తబడిన పళ్లకి మాత్రం మేం చెయ్యి పెట్టం. అవి ఇంట్లో తినబోయే ముందు తీసుకోవడమే మంచిది. స్టిక్కర్ అంచు మీద ఒక చుక్క కొబ్బరినూనె రాసి రెండు నిమిషాలు వదిలేయండి, జిగురు మెత్తబడుతుంది. అప్పుడు పైకి లాగకుండా, తొక్కకి ఆనించి అడ్డంగా మెల్లగా లాగండి. మిగిలిన జిగటని అదే నూనె వేలితో రుద్ది, మంచినీళ్లతో కడిగేయండి. గిన్నెలు తోమే సబ్బు వద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో పోతుందని ఒకావిడ చెప్పారు, తినే వస్తువు మీద అది అసలే వాడకండి.

స్టిక్కర్ ఉంటేనే మంచి సరుకు అని నమ్మేవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. ఆ చిన్న కాగితం మీద ఉండే నాలుగంకెల నంబరు సూపర్ మార్కెట్లలో బిల్లు కొట్టేవాళ్ల కోసం పెట్టింది. 4011 అంటే మామూలు అరటిపండు. ముందు 9 చేరి 94011 అయితే ఆర్గానిక్‌గా పండించిందని అర్థం. కానీ నంబరు వేయడమన్నది అమ్మేవాళ్ల ఇష్టం, అదేమీ సర్టిఫికెట్ కాదు. మన దేశంలో ఆర్గానిక్ అని ప్యాకెట్ కొంటుంటే సర్టిఫై అయిన ఆర్గానిక్ సరుకుకి వేసే జైవిక్ భారత్ గుర్తు ఉందో లేదో చూడండి. 8తో మొదలైతే జీఎం (జన్యుమార్పిడి చేసిన) పండు అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ని పట్టించుకోకండి, జీఎంకి గుర్తుగా ఆ అంకె దుకాణాల్లో వాడుకలోకే రాలేదు.

అసలు మన దగ్గర కనిపించే స్టిక్కర్లలో చాలావాటి మీద ఆ నంబరు కూడా ఉండదు. 'ప్రీమియం', 'బెస్ట్ క్వాలిటీ' అని ఉంటుంది, అంతే. అలాంటివి రోల్స్‌గా బయట దొరుకుతాయి, ఎవరైనా అంటించుకోవచ్చు. మొన్నొక పెట్టెలో యాపిల్ స్టిక్కర్ తీస్తే, సరిగ్గా దాని కింద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ, వేలు పెడితే లోపలికి దిగిపోయింది. పక్కవీ అలాగే ఉన్నాయి. ఆ పెట్టె వెనక్కి పంపేశాం. దెబ్బల్ని కప్పడానికి స్టిక్కర్లు వాడుతున్నారని, ఆ జిగురు తినడానికి పనికొచ్చేది కాదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లోనే హెచ్చరించింది. స్టిక్కర్ ఉన్న చోట తొక్క కోసి పారేయడం మేలని కూడా చెప్పింది. యాపిల్‌ని తొక్కతో తినేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

మేం సొంతంగా ఏ పండుకీ స్టిక్కర్ వేయం. అరకు అనాస, సీతాఫలం, జామ ఎలా వచ్చాయో అలాగే పెడతాం. ఎక్కడిదో తెలియాలంటే బుట్ట మీద పలక చూడండి, లేదా మమ్మల్ని అడగండి.

తీసిన స్టిక్కర్లకి కౌంటర్ మీద ఒక డబ్బా పెట్టాం, నిండాక పొడి చెత్తలో వేస్తాం. వీటిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. మిద్దె తోటలున్న మా కస్టమర్లకి ఈ బాధ బాగా తెలుసు, తొక్కలన్నీ ఎరువైపోయినా స్టిక్కర్లు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడుతున్నాయట. ఫ్రాన్స్‌లో 2022 జనవరి నుంచి, ఇంటి కంపోస్టులో కలిసిపోయేవి తప్ప వేరే స్టిక్కర్లు పళ్లకి అంటించకూడదు. మన దగ్గరా అలాంటి నిబంధన రావాలని నా కోరిక. ఈలోగా స్టిక్కర్ లేని పెట్టెలు ఇవ్వమని మాకు సరుకు వేసేవాళ్లని అడుగుతూనే ఉన్నాం. కశ్మీరీ యాపిల్ ఇచ్చే ఆయన సరేనన్నారు. కివీకి ఇంకా ఒప్పుకోలేదు, కాబట్టి కొన్నాళ్లు వాటి మీద స్టిక్కర్లు కనబడతాయి.