ఆదివారం చూడబోయే గుర్రాల బొమ్మలు

అందరికీ నమస్కారం. నిన్న గ్రూపులో పెట్టిన గుర్రప్పందెం బొమ్మ ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్వార్ మానే వేసింది. ప్యారిస్‌లోని లాంగ్‌షాంప్ మైదానం, 1866 నాటిది. గుర్రాలు పక్క నుంచి కాదు, సూటిగా మన మీదికే దూసుకొస్తుంటాయి. జూమ్ చేసి చూడండి, కాళ్లూ ముఖాలూ విడిగా కనబడవు. అంతా దుమ్మూ, రంగు మరకలే!

ఆ కాలపు మరో ఫ్రెంచ్ చిత్రకారుడు డెగాకి మాత్రం పరుగు కన్నా పందేనికి ముందు తతంగమే ఇష్టం. కుదురుగా నిలబడని గుర్రాలు, జాకీల మెరిసే చొక్కాలు. నా ఓటు ఆయనకే.

వీళ్లకంటే ముందు, 1821లో, ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో వేసిన ఎప్సమ్ డెర్బీ (ఇంగ్లండ్‌లోని గుర్రప్పందెం) బొమ్మలో గుర్రాలు నాలుగు కాళ్లూ చాచి గాల్లో తేలుతుంటాయి. గుర్రం అలా కాళ్లు చాచి గాల్లో ఉండదని 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన ఫొటోలు తేల్చాయి. డెగా ఆ ఫొటోలను శ్రద్ధగా చూశాడు కూడా.

ఆదివారం మూడూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ప్రొజెక్టర్ ఎవరైనా తేగలరా?