స్టీల్ స్లాగ్‌తో మన రోడ్లూ వేయండి

సంపాదకుడు గారికి,

పెద్ద ఉక్కు కర్మాగారాల్లో పారేసేది తక్కువే. ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ అనే కొలిమి నుంచి కరిగి కారే వ్యర్థమైన స్లాగ్‌పై నీళ్లు జోరుగా కొడితే ఇసుకలా పలుకులవుతుంది. దాన్ని సిమెంటు కంపెనీలు కొనుక్కుపోతాయి. విశాఖ ఉక్కులో బొగ్గు నుంచి చేసిన, ఎర్రగా కాలిన కోక్‌ను నీళ్లతో కాక నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో కరెంటు తీస్తారు. భేష్.

చిక్కల్లా ఉక్కు తయారీలో మిగిలే స్టీల్ స్లాగ్‌తోనే. అందులోని సున్నం తడి తగిలితే ఉబ్బుతుంది, కాబట్టి సిమెంటులోకి అంతగా పోదు. తగినట్టు శుద్ధి చేస్తే మాత్రం రోడ్లకు పనికొస్తుంది. సూరత్ దగ్గర హజీరాలో 2022లో దాంతో ఆరు వరసల రోడ్డే వేశారు. మనమేమో కంకర కోసం కొండలు పిండి చేస్తున్నాం! రోడ్ల టెండర్లలో స్టీల్ స్లాగ్‌కూ చోటివ్వాలని ఆర్ అండ్ బీ అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గాజువాక