నవోదయ పరీక్ష రాసే బడి పిల్లల కోసం ఒక విన్నపం

జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

కేంద్ర ప్రభుత్వ గురుకులాలైన నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలకు 2 గంటలే సమయం. అంటే ప్రశ్నకు నిమిషంన్నర. ఆ వ్యవధిలోనే ఓఎంఆర్ అనే జవాబు పత్రంలో సరైన జవాబు వృత్తం కూడా నింపాలి, అదీ పెన్నుతో. పెన్సిలుతో రాసి చెరిపేసుకోవడం అలవాటైన ఐదో తరగతి పిల్లలకు, ఒకసారి నింపితే మార్చుకునే వీల్లేదన్న మాటే చెయ్యి వణికిస్తుంది. లెక్క వచ్చినా ఒక వరుస తప్పితే తర్వాతివన్నీ తప్పుతాయి.

కోచింగ్‌కు డబ్బు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు ఎన్నో నమూనా పరీక్షలు రాసి వస్తారు. మా పిల్లల్లో చాలామంది ఆ పత్రాన్ని మొదటిసారి చూసేది పరీక్ష గదిలోనే. ఇది అన్యాయం.

నమూనా ఓఎంఆర్ పత్రాలు ముద్రించి ప్రతి మండలానికీ పంపండి. నెలకు రెండు శనివారాలు, గోడ గడియారం ఎదురుగా, పూర్తి పరీక్ష రాయించనివ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, పేరా చదివి జవాబులు గుర్తించే భాషా విభాగం. పాఠాలు బట్టీపట్టిన పిల్లలు కొత్త పేరా కనిపించగానే ఆగిపోతున్నారు. రోజూ పాఠ్యపుస్తకంలో లేనిదేదైనా చదివించాలి. అందుకు బీరువాల్లో తాళం పడి ఉన్న గ్రంథాలయ పుస్తకాలను తరగతి గదుల్లోకి రానివ్వండి.

ఈ ఏడాది దరఖాస్తు చేసిన పిల్లలకు అందేలా, ఈ నెలలోనే ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు