చిన్నమ్మికి, బీరు కాచే అండా గురించి

తిరుపతి,
ఆదివారం.

చిన్నమ్మీ,

అమ్మా నేనూ బాగున్నాం. మొన్న ఫోన్‌లో నువ్వు "నాన్నా, ఇంట్లో బీరు కాయడానికి కెటిల్ కొనాలి, ఏది తీసుకోమంటావ్?" అని అడిగినప్పుడు నాకు వెంటనే మాట రాలేదు. మన ఊళ్లో బెల్లం ఊట పెట్టి కాచిన నాటుసారా, 1993లో సారా ఆగేదాకా పోరాడిన ఆడవాళ్లు, అంతా కళ్లముందు తిరిగింది. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే నేరం. మీరుండే అమెరికాలో 1978లోనే చట్టం మార్చారనీ, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చనీ, అమ్మకూడదనీ అల్లుడు విడమరిచి చెప్పాకే మనసు కుదుటపడింది. నేను తాగను, నిన్ను తాగమనీ అనను. కానీ నువ్వు అడిగింది పాత్ర గురించి. గాంధీ రోడ్డు అంగట్లో ముప్పై ఏళ్లు పాత్రలు అమ్మినవాణ్ణి, ఆ మాట వరకు నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేను. నువ్వు పంపిన కాగితాలు కూడా రెండుసార్లు చదివాను.

ముందు సైజు. మీరు కాచేది 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు కాబట్టి 20 లీటర్ల అండా చాలనుకుంటున్నావు. చాలదు. గంటసేపు మరిగితే మూడు నాలుగు లీటర్లు ఆవిరైపోతాయి, అడుగున మడ్డి కొంత మిగులుతుంది. అందుకని మొదట్లోనే 25 లీటర్ల దాకా పొయ్యి మీద పెట్టాలి. దాని పైన పొంగుకు చోటు కావాలి.

ఈ పొంగు సంగతి నాకు పుస్తకాలు చెప్పనక్కర్లేదు. చిత్తూరు దగ్గర మన ఊళ్లో మీ తాతకు బెల్లం గానుగ ఉండేదని తెలుసు కదా. పెనంలో చెరుకురసం కాగుతూ కాగుతూ ఉన్నట్టుండి నురగ కట్టి లేస్తుంది. అప్పుడు మీ తాత ఆముదం నాలుగు చుక్కలు విదిలిస్తే అణిగిపోయేది. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒక రాత్రి కాపలా నాది. కునుకు పట్టింది. పొంగు పొర్లి కాలి మీద పడింది. ఎడమ పాదం మీద మచ్చ చూసి చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి, అదే ఇది. చక్కెర ఉన్న రసం నీళ్లలా జారిపోదు, చర్మానికి అతుక్కుని కాలుస్తుంది. బీరు కోసం బార్లీ నానబెట్టి మీరు తీసే రసం కూడా తియ్యటిదే. సరిగ్గా మరుగు పట్టే ముందు నురగ కట్టి లేస్తుంది, చేదు కోసం వేసే హాప్స్ పూలు పడ్డప్పుడు మళ్లీ లేస్తుంది. మీ తాతలా ఆముదం వేసి తప్పించుకునే వీలు నీకు లేదు, నూనె తగిలితే బీరు మీద నురగ నిలవదట. నీకు దిక్కు ఆ ఖాళీ చోటే. కాబట్టి 10 గ్యాలన్లది, అంటే 38 లీటర్లది తీసుకో. బార్లీని గుడ్డసంచిలో వేసి అదే పాత్రలో నానబెడతామన్నావు. అలాగైతే నాలుగైదు కిలోల గింజ, మొత్తం నీళ్లు అందులోనే పట్టాలి, అంతకు ఒక్క లీటరు తగ్గినా ఇబ్బంది. డబ్బు చూసుకుని చిన్నది కొనొద్దు తల్లీ. తేడా ఎంతైనా నేను పంపిస్తాను.

ఇక లోహం. అల్యూమినియం చవక, వేడి బాగా పాకుతుంది, పెళ్లి వంటవాళ్లకు నేనే ఎన్నో డేక్సాలు అమ్మాను. బీరుకూ పనికొస్తుంది. కానీ దాని మీద ఏర్పడే పలచని పొరే దానికి రక్ష. దాన్ని పీచు పెట్టి తోమకూడదు, సోడా కలిసిన ఘాటు పొడులతో కడగకూడదు. నీ చేతికి గట్టిగా తోమే అలవాటు, అది మీ అమ్మ నుంచి వచ్చింది. స్టీలే తీసుకో, 304 రకం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటుంది, అందుకే 18/8 అని కూడా రాస్తారు. అయస్కాంతం పెట్టి చూసి మోసపోవద్దు. అంగడికి వచ్చేవాళ్లు అలాగే చూసేవాళ్లు, అంటుకోకపోతే మంచిదని నమ్మేవాళ్లు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 రకం కూడా అంటుకోదు. ఒకసారి ఒక సరుకు వ్యాపారి 304 అని ఇచ్చిన అండాలను నేనూ నమ్మి అమ్మాను. ఏడాది తిరక్కముందే ఒక ముసలామె తుప్పు చుక్కలున్న అండా మోసుకుని అంగడి మెట్లెక్కింది. డబ్బు తిరిగిచ్చాను గానీ ఆమె ముఖం ఇంకా మరిచిపోలేదు. బిల్లు మీద 304 అని రాసి ఇచ్చేవాడి దగ్గరే కొను. ఇంకొకటి, స్టీలును బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టొద్దు, గుంటలు పడతాయి.

స్టీలుకు వేడి మెల్లగా పాకుతుంది కాబట్టి మంట తగిలినచోటే అడుగంటుతుంది. మధ్యలో అల్యూమినియం పొర పెట్టిన అడుగు ఉన్నదైతే మంచిది. అడుగు బల్లపరుపుగా ఉండాలి, మీది గాజు పలక పొయ్యి కదా. అసలు ఆ పొయ్యి ఇంత బరువు మోస్తుందో లేదో దాని పుస్తకంలో చూడు. రసంతో కలిపి 30 కిలోలు దాటుతుంది. గ్యాసు బర్నరు కొనేట్టయితే పెరట్లో ఆరుబయటే పెట్టు. మీ పోర్ట్‌లాండ్ ఊరి వానకు భయపడి గ్యారేజీలోకి మాత్రం తేవద్దు, ఆ పొగలో విషవాయువు కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు.

కింద కొళాయి ఉన్నదే తీసుకో. వేడి అండాను ఎత్తి వంచే పని నువ్వూ చేయొద్దు, అల్లుణ్ణీ చేయనివ్వొద్దు. కాచిన ప్రతిసారీ ఆ కొళాయి విప్పి కడగాలి, లోపల ఎండిన రసం ఉంటే మళ్లీసారి బీరు పులిసిపోతుంది. పిడులు గట్టిగా ఉండాలి, లోపల లీటర్ల గీతలు ఉంటే మేలు. మూత ఎలాంటిదైనా ఫరవాలేదు, మరిగేటప్పుడు ఎలాగూ తీసే ఉంచాలి. మూసిపెడితే ఉడికిన క్యాబేజీ వాసన బీరులోనే ఉండిపోతుందట.

కొత్తది రాగానే వేడినీళ్లు, సబ్బుతో బాగా కడుగు, తయారీ నూనె అంటుకుని ఉంటుంది. మొదటిసారి ఉత్త నీళ్లు 25 లీటర్లు పోసి గంటసేపు మరిగించు. ఎంత ఆవిరైందో కొలిచి రాసిపెట్టుకో, ఆ లెక్క నీకు ప్రతిసారీ పనికొస్తుంది.

కొనే ముందు పొయ్యి చక్రం వెడల్పు టేపు పెట్టి కొలిచి నాకు చెప్పు. నువ్వు చూసిన రెండు మూడు అండాల ఫొటోలు, అడుగు భాగం కూడా కనిపించేలా తీసి పంపు. అమ్మ కొత్తావకాయ పార్సిల్ కట్టింది, రేపు పంపుతున్నాను.

మీ నాన్న