షెల్టర్ కట్టేలోపు మన ఇండ్లలో కుక్కల లెక్క తీయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

బడులు, దవాఖానాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో తిరిగే కుక్కలను పట్టి, మళ్లీ అక్కడ వదలకుండా షెల్టర్లకు తరలించాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి మా పాలమూరులో నలుగురు కలిస్తే ఇదే ముచ్చట. ఊరి బయట ఒక షెడ్డు వేసి అన్నిటినీ అందులోకి తోలితే పీడ పోతుందని చాలామంది నమ్మకం. షెల్టర్ కావాలనే నేనూ అంటాను. కానీ కట్టిన ఏడాదికే అది మనం పెంచి వదిలేసిన కుక్కలతో నిండిపోతుందని నా భయం.

ఎవరినో అనడం ఎందుకు, తప్పు మా ఇంట్లోనే జరిగింది. నాలుగేండ్ల కింద మా అబ్బాయి ఒక ఆడకుక్కపిల్లను తెచ్చాడు. లక్కీ అని పేరు పెట్టాం, సూదులన్నీ వేయించాం. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సంగతి పశువుల డాక్టరు గారు రెండుసార్లు గుర్తుచేశారు. "పాపం, ఒక్క కాన్పన్నా కానియ్యండి సార్" అని మేమే వాయిదా వేశాం. చిత్తకార్తె వచ్చింది. గేటు ఎంత మూసినా ఆ రోజుల్లో ఆపడం ఎవరి తరం? డిసెంబరు చలిలో ఆరు పిల్లలు పెట్టింది. మొదట్లో వాడకట్టు పిల్లలంతా మా ఇంట్లోనే. నలభై రోజులు దాటాక వీటిని ఎవరికి అంటగట్టాలా అని టెన్షన్ మొదలైంది. జడ్చర్లలో చుట్టాలకు ఒకటి, దేవరకద్రకు ఒకటి, పక్కింట్లో కిరాయికున్న వాళ్లకు రెండు. మిగిలిన రెండు అడిగినవాళ్లకు ఇచ్చేశాం, ఎవరికిచ్చామో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

కిరాయివాళ్లు ఏడాది తిరక్కుండానే హైదరాబాద్ పోయారు. అక్కడి ఇంటి ఓనరు కుక్కలు వద్దన్నాడట. తాళం వేసిన గేటు ముందు రెండూ నాలుగు రోజులు పడుకున్నాయి. ఆ తర్వాత కూరగాయల మార్కెట్ వెనక చెత్త దగ్గర కనబడ్డాయి. వాటిలో ఒకటి ఆడది. కుక్క మోసేది 63 రోజులు, ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, ఈతకు నాలుగైదు పిల్లలు. లెక్క మీరే వేసుకోండి.

రెండోది పొద్దున్నే పేపర్ వేసే పిల్లగాణ్ణి పిక్క మీద కరిచింది. వాళ్లమ్మ గాయానికి పసుపు, సున్నం పెట్టింది. నేనే పంపు కింద పెట్టి పావుగంట సేపు సబ్బుతో కడిగించి, సర్కారు దవాఖానాకు తీసుకుపోయాను. సూదులన్నీ పూర్తయ్యేదాకా నాకు నిద్ర లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు కదా.

వలసల జిల్లా మనది. కన్నపిల్లల్నే ముసలోళ్ల దగ్గర వదిలి పనికి పోయేవాళ్లను నేనేమీ అనలేను. నా కోపం వేలు పోసి లాబ్రడార్ కొని, బదిలీ కాగానే బైపాస్ మీద కారు డోరు తీసి దింపిపోయేవాళ్ల మీద. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అలా వదిలేయడం నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నాలుగు చాయ్‌ల ఖర్చు!

ఇంకో మాట. ఆపరేషన్ కేంద్రమూ షెల్టరూ ఒకటే అనుకుంటున్నారు. కేంద్రంలో కుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదులుతారు. మామూలు వీధి కుక్కలకు 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దంది. షెల్టర్‌లో చేరిన కుక్క అక్కడే పదేండ్లు బతకొచ్చు. రోజూ తిండి, నీళ్లు, కడగడం, డాక్టరు, ఒకదానికి పార్వో అనే అంటురోగం వస్తే పక్కవాటికి అంటకుండా వేరే గది. రిబ్బన్ కత్తిరించే రోజు అందరూ వస్తారు. మూడో ఏడాది గుడ్లకు, అన్నానికి పైసలెవరిస్తారు? అలాగని ఏ ఏర్పాటూ లేకుండా ఉండలేం. 2024 ఫిబ్రవరిలో మన అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ఇరవై దాకా కుక్కలను తుపాకీతో కాల్చి చంపిన సంగతి ఎవరూ మరిచిపోలేదు.

పెంపుడు కుక్కకు టీకా, ఆపరేషన్ యజమాని బాధ్యతేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లో ఉంది. దాన్ని అడిగేవాళ్లు కావాలి. షెల్టర్‌కు స్థలం వెతికేలోపే, ఇంటి పన్నుకు వచ్చే సిబ్బందితో ఇంటింటి కుక్కల లెక్క రాయించండి, టీకా కార్డు చూపించమనండి. ఏటా చిత్తకార్తె రాకముందే పశువుల దవాఖానాలో ఇంటి కుక్కల ఆపరేషన్లకు కొన్ని రోజులు కేటాయించండి. షెల్టర్ వచ్చాక, అక్కడ కుక్కను వదిలిపోయే యజమాని దగ్గర దాని తిండి ఖర్చు వసూలు చేయండి. కుక్క కావాలనుకునేవాళ్లు కొనకుండా అక్కడి నుంచే తెచ్చుకునేలా ఆదివారాలు గేటు తెరిచి ఉంచండి.

లక్కీకి పోయిన వానాకాలంలో ఆపరేషన్ చేయించాం. మార్కెట్ వెనకున్న దాని ఆడపిల్లను పట్టుకుందామని బిస్కెట్లు తీసుకుని రెండుసార్లు పోయాను. నన్ను చూసి తోక ఊపుతుంది, చేతికి మాత్రం చిక్కదు. కుక్కలు పట్టే బండి మా వైపు ఎప్పుడొస్తుందో చెబితే ఆ రోజు నేనే దగ్గరుండి చూపిస్తాను.

– ఒక పాఠకురాలు, మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్