కడిగిన చేతులు సరే, కట్టిన లెక్కలేవీ?

సంపాదకుడు గారికి,

మే 5న చేతుల పరిశుభ్రత దినం వచ్చిందంటే ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ బొమ్మ బయటికొస్తుంది. హంగరీలోని బుడాలో 1818లో పుట్టిన ఈ ప్రసూతి వైద్యుడు 'చేతులు కడుక్కోమన్నందుకు పిచ్చాసుపత్రి పాలయ్యాడు' అని రెండు ముక్కల్లో కథ తేల్చేస్తారు. పోస్టరుకు అంత చాలు. ఆస్పత్రి నడిపేవాళ్లకు పనికొచ్చే భాగం మాత్రం అందులో ఎక్కడా ఉండదు.

వియన్నా జనరల్ ఆస్పత్రిలో పురిటి వార్డులు రెండు. మొదటిదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు పని నేర్చుకునేవారు. గర్భిణులను వచ్చిన రోజును బట్టి వంతుల వారీగా ఈ వార్డుకో ఆ వార్డుకో పంపేవారు, కేసు చూసి ఏరడమంటూ లేదు. 1846లో మొదటి వార్డులో 4,010 కాన్పులకు 459 మంది బాలింతలు చనిపోయారు. రెండోదాంట్లో 3,754 కాన్పులకు 105 మంది. అంటే 11.4 శాతం ఒకచోట, 2.8 శాతం ఇంకోచోట. ఊళ్లో ఆడవాళ్లకు ఈ సంగతి తెలుసు. మొదటి వార్డు వంతు పడితే వద్దని కాళ్లావేళ్లా పడేవారు.

సెమ్మెల్‌వైస్ ఆ ఏడాదే మొదటి వార్డులో అసిస్టెంటుగా చేరాడు. అందరూ చెప్పే కారణాలను ఒక్కొక్కటే రెండు వార్డుల లెక్కతో పోల్చి చూశాడు. గాలి చెడిందా? రెండు వార్డులకూ అదే గాలి. జనం కిక్కిరిశారా? రెండోదాంట్లోనే రద్దీ ఎక్కువ. పక్కకు తిప్పి పడుకోబెట్టి కాన్పు చేయించినా, గంట చప్పుడుకు తల్లులు భయపడుతున్నారేమోనని, గంట కొట్టుకుంటూ వార్డు గుండా వెళ్లే పాదిరీని దారి మార్చుకోమన్నా, మరణాలు తగ్గలేదు. 1847 మార్చిలో శవపరీక్ష చేస్తుండగా విద్యార్థి కత్తి వేలికి గుచ్చుకుని సహోద్యోగి కొలెచ్కా చనిపోయాడు. కొలెచ్కా శవపరీక్ష నివేదికలో కనిపించినవన్నీ, వార్డులో తల్లులను చంపుతున్న బాలింత జ్వరం లక్షణాలే. విద్యార్థులు పొద్దున్నే శవాలు కోసి నేరుగా పురిటి మంచాల దగ్గరికి వస్తున్నారు, మంత్రసానులకు ఆ పని లేదు. ముడి విడింది.

అంతకుముందు చేతులే కడిగేవారు కాదనుకోవడం ఇక్కడ తరచూ పడే తప్పు. ఆ విద్యార్థులు అంతకుముందు కూడా సబ్బుతో కడుక్కునేవారు. కడిగినా చేతికి శవం వాసన పోయేది కాదు. వాసన ఉందంటే చేతికి శవం కణాలు అంటుకుని ఉన్నట్టేనని సెమ్మెల్‌వైస్ పట్టుకున్నాడు. వాసన చంపేది క్లోరిన్ కాబట్టి మే నెల మధ్య నుంచి క్లోరిన్ నీళ్లతో, ఖర్చు ఎక్కువవడంతో తర్వాత బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో చేతులు కడిగించాడు. సూక్ష్మజీవుల ఊసు ఆయనకు తెలియదు. ఆయన వెళ్లింది ముక్కునూ లెక్కనూ నమ్ముకుని. ఏప్రిల్‌లో 312 కాన్పులకు 57 మరణాలు, జూలైలో 250 కాన్పులకు 3.

అక్టోబరులో మళ్లీ దెబ్బ తగిలింది. మొదటి మంచం మీద గర్భాశయ క్యాన్సర్ పుండు కారుతున్న రోగి ఉంది. ఆమెను పరీక్షించాక మంచానికీ మంచానికీ మధ్య వట్టి సబ్బుతో కడుక్కున్నారు. వరసలోని పన్నెండు మందిలో పదకొండు మంది పోయారు. వార్డు గుమ్మంలో ఒకసారి కడిగితే చాలదు, ప్రతి మనిషికీ మధ్య కడగాలి అని అప్పుడు తేలింది. 1848లో రెండు వార్డుల శాతాలూ 1.3 దగ్గర కలిశాయి.

ఆయన తప్పులూ ఉన్నాయి, హీరో కథలకు అడ్డొస్తాయి గనక ఎవరూ చెప్పరు. పుస్తకం 1861 దాకా రాయలేదు, రాశాక ఒప్పుకోని ప్రొఫెసర్లను హంతకులని బహిరంగ లేఖల్లో దులిపేశాడు. 1865లో పిచ్చాసుపత్రిలో చేర్చిన రెండు వారాలకే, చీము పట్టిన గాయంతో 47 ఏళ్లకు చనిపోయాడు.

ఇప్పటి సంగతికి వద్దాం. లేబర్ రూముల్లో 'శానిటైజర్ పెట్టాం కదా' అనేది మామూలు జవాబు. కంటికి రక్తమో మురికో కనిపించే చేతి మీద ఆల్కహాల్ సరిగా పనిచెయ్యదు, కాన్పు గదిలో ఉండేది అలాంటి చేతులే. సబ్బు, పారే నీళ్లు, మోచేత్తో తిప్పే కుళాయి ఉండాలి. 40 నుంచి 60 సెకన్లు కడగాలి. మురికి లేనప్పుడైతే గుప్పెట నిండేంత ఆల్కహాల్ ద్రావణం 20 నుంచి 30 సెకన్లు ఆరేదాకా రుద్దాలి. ఎక్కువగా వదిలేసేది బొటనవేలు, గోటి చివరలు. ఉంగరం కింద తడి అలాగే ఉండిపోతుంది. అంతా కడిగి గోడకు వేలాడే ఉమ్మడి తువాలుకు తుడిచారా, కడిగినదంతా వృథా. గ్లౌజు తొడిగాం కాబట్టి కడగక్కర్లేదనుకోవడం ఇంకో పొరపాటు: గ్లౌజుకు కంటికి ఆనని చిల్లులుంటాయి, తీసేటప్పుడూ చేతికి అంటుతుంది.

ఇవన్నీ గోడల మీద రాసే ఉన్నాయి. గోడ మీద లేనిది అంకె. వియన్నాలో వార్డువారీ లెక్క లేకపోతే సెమ్మెల్‌వైస్‌కు పట్టుకోవడానికి ఏమీ దొరికేది కాదు. మన ఆస్పత్రుల్లో సిజేరియన్ గాయానికి చీము పట్టిన కేసులు లెక్కలోకి రాకపోవడానికి కారణం సులువు. ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లోపు గాయానికి చీము పడితే దాన్ని ఆపరేషన్ గాయం ఇన్ఫెక్షన్ కిందే లెక్కగట్టాలి. బాలింత అంతకు చాలా ముందే ఇంటికి వెళ్లిపోతుంది. చీము ఇంటి దగ్గర పడుతుంది, కట్టు ఊళ్లో ఎవరో కడతారు, కోసిన ఆస్పత్రికి కబురే ఉండదు.

దీనికి కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. సిజేరియన్ అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 7, 14, 21, 28, 42 రోజులకు ఎలాగూ వెళుతుంది. 28వ రోజు లోపు 'కుట్టు దగ్గర ఎర్రబడిందా, నీరు కారిందా, జ్వరం వచ్చిందా' అని అడిగి, జవాబు కాన్పు జరిగిన ఆస్పత్రికి చేరవెయ్యాలి. ఆశాకు ఈ పనికి విడిగా డబ్బు ఇవ్వాలి, ఊరికే నెత్తిన పెట్టకూడదు. అవుట్ పేషెంట్ గది ముందు బోర్డు మీద నెలకు రెండు అంకెలు రాస్తే చాలు: సిజేరియన్లు ఎన్ని, చీము పట్టినవి ఎన్ని. నెలనెలా సున్నా రాసే ఆస్పత్రిని మెచ్చుకోకుండా, ముందు దాని రిజిస్టర్ తెరిచి చూడాలని అధికారులకు మనవి.

– మైక్రోబయాలజీ అధ్యాపకురాలు, కాకినాడ