ఏఏ మీటింగు వేళలు కూడా వెయ్యండి

సంపాదకులకు,

మద్యం మాన్పించే కేంద్రాలపై మీ జిల్లా పేజీలో ఇటీవల వచ్చిన కథనం బాగుంది. కాని అది ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోయింది. పది రోజులు వార్డులో ఉండి ఇంటికొచ్చిన మనిషి ఆ సాయంత్రం ఏడింటికి ఎక్కడికెళ్లాలి? వైన్‌షాపు దారి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మీటింగు దారే తెలియదు.

మీటింగంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ వారిది. అందరూ ఏఏ అంటారు. తాగుడుతో నానా అవస్థలు పడ్డ ఒక స్టాక్‌బ్రోకరు, ఒక సర్జను కలిసి 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో మొదలుపెట్టారు. మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు, ఆధార్ అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడే.

ముంబయిలోని ఏఏ జనరల్ సర్వీస్ ఆఫీసు వెబ్‌సైటులో మీటింగుల్ని ఊరిని బట్టి వెతకొచ్చు. పెద్దాసుపత్రి మానసిక విభాగంలోనూ అడగొచ్చు. అయితే ఇంటర్నెట్‌లో దొరికిన చిరునామా పట్టుకుని నేరుగా బయల్దేరకూడదు. స్కూళ్లలో, చర్చిల్లో తీసుకున్న గదులు అద్దెవి, మారుతుంటాయి. ముందు ఫోన్ చేసి ఏ భాషలో మాట్లాడతారు, ఓపెన్ మీటింగా క్లోజ్‌డా, ఏ గేటులోంచి రావాలి అని అడగాలి. చివరి ప్రశ్న చిన్నదనుకోవద్దు. సాయంత్రం వేళ స్కూలు ముందు గేటుకు తాళం ఉంటుంది, గదికేమో వెనక సందులోంచి దారి. మొదటిసారి వచ్చినవాడు ఆ తాళం చూసి వెనుదిరిగితే మళ్లీ రాడు. చర్చి ఆవరణలో అంటే మతంలో కలుపుతారేమోనని జంకేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు, అక్కడ గది మాత్రమే చర్చిది.

ఓపెన్ మీటింగుకు ఇంట్లోవాళ్లు కూడా రావచ్చు, క్లోజ్‌డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. భర్తను లాక్కొచ్చి పక్కనే కూర్చుని ‘అంతా చెప్పు’ అని మోచేత్తో పొడిస్తే ఆయన నోరు విప్పడు. కుటుంబాలకు 1951 నుంచి అల్-అనాన్ అని వేరే బృందాలున్నాయి.

మామూలుగా గంట, గంటన్నర జరుగుతుంది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. కొత్తవాళ్లు ‘ఈరోజు వింటాను’ అనొచ్చు. ఖర్చులకు డబ్బా తిప్పుతారు, కొత్తవాళ్లు వెయ్యనక్కర్లేదు. అసలు పని మీటింగయ్యాక టీ దగ్గర ఉంటుంది. ఇద్దరు ముగ్గురి నంబర్లు అక్కడే రాసుకోవాలి. తాగాలనిపిస్తే వాళ్లకు ఫోన్ గ్లాసు పట్టకముందు చెయ్యాలి, పట్టాక కాదు. కొందరు మొదటి 90 రోజుల్లో 90 మీటింగులకు వెళ్తారు. మన చిన్న ఊళ్లలో వారానికి ఒకటి దొరకడమే కష్టం, మిగతా రోజులకు ఆన్‌లైన్ మీటింగులే దిక్కు. ఒక్కసారి వెళ్లి నచ్చలేదని తేల్చెయ్యకుండా కనీసం ఐదారు మీటింగులు, వీలుంటే వేరే బృందాలవి, చూడాలి.

రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మాత్రం మీటింగు కన్నా ముందు డాక్టర్ని కలవాలి. ఉన్నట్టుండి ఆపితే ఆరేడు గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు లేనివి కనిపించడం, మతి తప్పడం ప్రాణం మీదికి తెస్తాయి. మాల వేసుకున్న మొదటి వారంలో ఇలా పడిపోతే ‘స్వామికి దృష్టి తగిలింది’ అనుకుని ఊరుకోవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 41 రోజులు చుక్క ముట్టనివాడు మాల తీసిన సాయంత్రమే సీసా పడుతున్నాడంటే ఆ సాయంత్రానికి వేరే పని లేకపోవడమూ ఒక కారణమే. మీటింగు ఆ సాయంత్రానికే. పిల్లల మీద ఒట్టు వేయించుకోవడం కన్నా ‘ఈ ఒక్కరోజు తాగను’ అనుకోమనే ఏఏ పద్ధతే నాకు నయమనిపిస్తుంది.

ఇంకో ప్రమాదం పత్రికల చిన్న ప్రకటనల్లోనే ఉంది. ‘తెలియకుండా కలిపి పెట్టండి, తాగుడు మానేస్తారు’ అని అమ్మే పొడుల్లో ఏముందో తినేవాడికీ తెలియదు, పెట్టేవాళ్లకూ తెలియదు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్ర కూడా రోగికి చెప్పకుండా కూరలో కలపకూడదు. దాని మీద తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. ఇంకోవైపు, మీటింగులో ఎవరో అన్నారని డాక్టరిచ్చిన మాత్రలు మానెయ్యడమూ తప్పే. సభ్యులు వైద్యం చెయ్యకూడదని ఏఏనే చెబుతుంది.

ఇక నా మనవి. మీ జిల్లా పేజీలో ప్రవచనాలు, రక్తదాన శిబిరాల వేళలు వేసే చోట ఏఏ మీటింగుకూ రెండు లైన్లు ఇవ్వండి. వారం, వేళ, ఏ గేటు, ఏ భాష, బృందం ఫోన్ నంబరు వేస్తే చాలు. నెలకోసారి ఫోన్ చేసి సరిచూసుకుని వెయ్యండి, పాత వేళ వేస్తే తాళం దగ్గరికి పంపినట్టే. పక్కనే 24 గంటలూ పనిచేసే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 వెయ్యండి, రెండూ ఉచితమే. విలేకరిని పంపితే కెమెరా లేకుండా, అదీ ఓపెన్ మీటింగుకే పంపండి. సభ్యుల పేర్లు, ఫొటోలు వెయ్యవద్దు. నా పేరు కూడా.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం